పులి జాడ ముందు పత్తి చేనుకు తెలియాలి

కార్తీకం వచ్చేసరికి భైంసా చుట్టుపక్కల నల్లరేగడి చేలు తెల్లబడతాయి. పొద్దు పొడవకముందే సద్ది కట్టుకుని ఆడవాళ్లు ఆటోల్లో పత్తి ఏరడానికి బయల్దేరతారు. చీర మీద పాత చొక్కా తొడుక్కుని, నడుముకు ఒడి కట్టుకుని, పొద్దంతా వంగే ఉంటారు. చెట్టు ఛాతీ దాకా ఎదిగి ఉంటుంది కాబట్టి పక్క సాలులో ఉన్న మనిషి కూడా కనబడదు. మాట వినబడుతుంది, అంతే.

2024లో సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మగ పెద్దపులి ఈ మండలాల మీదుగా నడిచి వెళ్లింది. అటవీ సిబ్బంది దానికి పెట్టిన పేరు జానీ. వయసు ఆరు నుంచి ఎనిమిదేళ్లు. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు నుంచి అక్టోబరు మూడో వారంలో కదిలింది. బోథ్ మీదుగా నిర్మల్ జిల్లాలోకి దిగింది. భైంసా పక్కనే ఉన్న కుంటాల మండలం, అడెల్లి పోచమ్మ కొలువైన సారంగాపూర్ మండలం, ఆ తర్వాత మామడ, పెంబి. హైదరాబాద్-నాగ్‌పూర్ జాతీయ రహదారిని దాటి ఉట్నూరు వైపు మళ్లి, చివరికి తిర్యాణి అడవుల్లో తేలింది. నెల రోజుల్లో దాదాపు 200 కిలోమీటర్లు నడిచింది. దారిలో ఐదు పశువులను చంపింది. తోడు కోసం ఆడపులిని వెతుక్కుంటూ తిరుగుతోందని అధికారులు చెప్పారు. మనుషుల జోలికి మాత్రం అది రాలేదు.

పులి వచ్చిందన్న కబురు ఊళ్లకు చేరే తీరు ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మొదట వాగు ఒడ్డున దూడ కళేబరం కనబడుతుంది. తర్వాత బురదలో అడుగు. ఆ వెంటనే వాట్సాప్‌లో ఏ రాష్ట్రానిదో, ఏ సంవత్సరానిదో తెలియని వీడియో ఊరంతా తిరుగుతుంది. అధికారుల మాట చివరికి చేరేసరికి పులి మరో మండలం దాటి ఉంటుంది. కంటికి కనబడనంత నిశ్శబ్దంగా నడిచే జంతువు జాడ తీయడానికి నేడు మన దగ్గర సాధనాలున్నాయి, చదువుకున్న అధికారులున్నారు, అడవిని చదవగల ఆదివాసీ యువకులున్నారు. అయినా ఆ జాడ ఆఫీసు ఫైళ్లకు, గణన నివేదికలకు చేరినంత తొందరగా పత్తి చేనుకు చేరడం లేదు. ఈ వరుస తిరగబడాలి. పులి ఎక్కడుందో ముందు తెలియాల్సింది దాని దారిలో వంగి పని చేసుకుంటున్న మనిషికి.

జాడ తీయడం అనగానే టీవీలో చూసే ఆఫ్రికా సింహాలు గుర్తొస్తాయి. అక్కడ ఆ పని ఎంత లోతుగా సాగిందో తెలుసుకుంటే మన దగ్గర ఏం జరగాలో తేటపడుతుంది. టాంజానియాలోని సెరెంగెటిలో జార్జ్ షాలర్ 1966లో సింహాల మీద అధ్యయనం మొదలుపెట్టారు. 1978 నుంచి క్రెయిగ్ ప్యాకర్ బృందం ఆ పనిని దశాబ్దాలపాటు కొనసాగించింది. ఏ సింహం ఏదో గుర్తుపట్టడానికి వాళ్లు చూసేది మీసాల మొదట్లో ఉండే చుక్కల వరుసను. మన వేలిముద్రల్లాగే ఒక సింహం చుక్కలు మరో దానికి ఉండవు. ఆ చుక్కల లెక్కతో తల్లి ఎవరో, పిల్ల ఎవరో, ఏ మగది ఏ మంద నుంచి వెళ్లి ఏ మందను పట్టిందో తరాల తరబడి రాసిపెట్టారు.

సింహాల మందకు వెన్నెముక ఆడవే. అక్కచెల్లెళ్లు, తల్లులు, కూతుళ్లు కలిసి ఒకే నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. మగవి మాత్రం వస్తుంటాయి, పోతుంటాయి. ఈడొచ్చిన మగపిల్లలు మంద నుంచి వెళ్లిపోవాల్సిందే. అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు జట్టుకట్టి కొన్నాళ్లు దేశదిమ్మరులై తిరుగుతాయి. బలం పుంజుకున్నాక ఏదో ఒక మంద మీదికి వెళ్లి అక్కడి మగవాటిని తరిమేస్తాయి. గెలిచిన మగవి పాత మగవాటి పిల్లలను చంపేస్తాయి. పిల్లలు పోయిన ఆడవి త్వరగా మళ్లీ ఎదకు వస్తాయి కాబట్టి కొత్త మగవాటి వంశం నిలుస్తుంది. దక్షిణాఫ్రికాలోని సాబీ సాండ్ రిజర్వులో 2006 నుంచి కొన్నేళ్లపాటు ‘మపోగో’ అనే పేరుతో ఆరు మగసింహాల జట్టు అంతటి నేలనూ గడగడలాడించింది. ఒక్కొక్కటి ఎప్పుడు ఎక్కడ పోరాడిందో, ఏ కొత్త జట్టు వచ్చి వాటిని కూలదోసిందో అక్కడి జాడగాళ్ల దగ్గర రోజువారీ లెక్క ఉంది.

పులి మంద కట్టదు. ఒంటరిగా బతుకుతుంది. కానీ మగవాటి పోరు, ఈడొచ్చిన మగపిల్లల బహిష్కారం ఇక్కడా అంతే కఠినంగా ఉంటాయి. ఒక మగపులి ఏలుబడిలో రెండు మూడు ఆడపులుల ఆవాసాలు ఉంటాయి. అది చెట్ల బోదెల మీద గోళ్లతో గీస్తుంది, పొదల మీద మూత్రం చిమ్ముతుంది. ఇది నా జాగ అని మిగతా మగవాటికి అదే హెచ్చరిక. తల్లి దగ్గర దాదాపు రెండేళ్లు పెరిగిన పిల్లల్లో ఆడవి సాధారణంగా తల్లి ఆవాసం పక్కనే చోటు వెతుక్కుంటాయి. మగవి దూరం పోవాల్సిందే. ఉన్నచోటే ఉంటే ఏలుతున్న మగపులి చేతిలో చావు తప్పదు.

ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లోకి పులులు ఎందుకొస్తున్నాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మహారాష్ట్రలో 2022 గణనలో 444 పులులు తేలాయి. చంద్రపూర్ జిల్లాలోని తాడోబా, దాని చుట్టుపక్కల అడవులు వాటితో నిండిపోయాయి. యవత్మాల్ జిల్లాలోని టిపేశ్వర్ అభయారణ్యం 150 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ పుట్టిన మగపులికి ఈడొచ్చాక నిలవడానికి జాగ ఉండదు. ఒకవైపు పెన్‌గంగ, మరోవైపు ప్రాణహిత. ఈ నదులు రాష్ట్రాలకు సరిహద్దులే గాని పులికి నీళ్లు తాగే రేవులు. అవతలి ఒడ్డున వాఘ్ అన్నా, ఇవతలి ఒడ్డున పులి అన్నా జంతువు ఒకటే.

ఈ బహిష్కారం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి టిపేశ్వర్‌లోనే పుట్టిన ఒక పులి కథ చాలు. మూడు మగపిల్లల్లో అది ఒకటి. 2019 ఫిబ్రవరిలో భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు దాని మెడకు రేడియో కాలర్ కట్టారు. జూన్‌లో అది ఇల్లు వదిలింది. ఆదిలాబాద్ వైపు దిగి, మళ్లీ మహారాష్ట్రలోకి మళ్లి, పత్తి చేలు, వాగులు, రోడ్లు దాటుకుంటూ ఐదు నెలల్లో 1,300 కిలోమీటర్లు నడిచి బుల్దానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. మొత్తం ప్రయాణం 3,000 కిలోమీటర్లు దాటింది. నడకరి అన్న అర్థంలో ‘వాకర్’ అని దానికి పేరొచ్చింది. పగలు పొదల్లో పడుకుని, రాత్రి నడిచింది. అడవి పందులను, పశువులను తిని బతికింది. అది విశ్రాంతి తీసుకుంటున్న పొదలోకి కొందరు వెళ్లినప్పుడు ఒకరికి గాయమైంది తప్ప అంత సుదీర్ఘ నడకలో ఒక్క మనిషి ప్రాణమూ పోలేదు. ఎన్నో ఊళ్ల మధ్య నుంచి ఒక పులి చప్పుడు లేకుండా సాగిపోగలదని ఆ కాలర్ పంపిన జాడ రుజువు చేసింది. తన పక్క నుంచి పులి పోతోందన్న సంగతి ఆ ఊళ్లలో ఎందరికి తెలుసన్నది వేరే విషయం.

పులి జాడ తీసే పని దగ్గర నుంచి చూస్తే ఎంత ఓపిక కావాలో అర్థమవుతుంది. వాన వెలిసిన నల్లరేగడిలో పులి అడుగు అచ్చు గుద్దినట్టు పడుతుంది. నాలుగు వేళ్లు, వెనక మూడు మడతల మడమ మెత్త. కుక్క అడుగులో గోళ్లు కనబడతాయి, పులి గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి గుర్తు పడదు. మగదైతే అడుగు చదరంగా, వేళ్లు గుండ్రంగా ఉంటాయి. ఆడదైతే అడుగు కాస్త పొడుగ్గా, వేళ్లు సన్నగా ఉంటాయి. అంచు ఇంకా తడిగా ఉందా, దాని మీదుగా చీమలు బారు కట్టాయా, పైన ఎండుటాకు రాలిపడిందా అని చూసి అది రాత్రిదా, మొన్నటిదా అని జాడగాడు చెబుతాడు. ఈ చదువు ఏ కాలేజీలోనూ దొరకదు. పశువులు కాస్తూ, తేనె తీస్తూ, తునికాకు కోస్తూ అడవిలో పెరిగిన గోండు, కొలాం, నాయక్‌పోడ్ యువకులకు అది చిన్ననాటి నుంచి వచ్చిన విద్య.

అయితే అడుగులు చూసి పులులను లెక్కపెట్టడంలో పెద్ద పొరపాట్లు జరిగాయి. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు బతికే ఉన్నాయి, అడవిలో మాత్రం ఒక్కటీ మిగల్లేదని 2005లో బయటపడింది. ఆ దెబ్బతో దేశం పాత పద్ధతిని వదిలి కెమెరాల లెక్కకు మారింది. పులి చారలు కూడా సింహం మీసాల చుక్కల వంటివే. ఒక పులి చారలు మరో పులికి రావు. కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు కూడా వేరువేరు. అందుకే దారికి అటొకటి, ఇటొకటి మోకాలి ఎత్తున కెమెరాలు కడతారు. పులి మధ్యలోంచి పోతే రెండు పక్కలా ఫొటో పడుతుంది. కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ 1990ల మొదట్లో ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేశారు. 2018 దేశవ్యాప్త గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టి గిన్నిస్ రికార్డుకెక్కారు.

మరి ఇంత లెక్కలో కవ్వాల్ ఎక్కడుంది? 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల రిజర్వుగా ప్రకటించిన కవ్వాల్ మొత్తం విస్తీర్ణం 2,000 చదరపు కిలోమీటర్లకు పైనే. నిర్మల్, ఆదిలాబాద్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. అయినా 2022 గణనలో అక్కడ స్థిరంగా ఉంటున్న పులి లెక్కకు రాలేదు. రిజర్వు బయట ఉన్న కాగజ్‌నగర్ అడవుల్లో మాత్రం పులులు సంసారం చేస్తున్నాయి. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి దశాబ్దం కిందట అక్కడ పిల్లలు పెట్టడంతో ఆ వంశం మొదలైంది. ఆడపులి నిలిచిన చోటే మగపులి నిలుస్తుంది. కవ్వాల్‌కు మగవి వచ్చి, తిరిగి చూసి, తోడు దొరక్క పోతున్నాయి. జానీ నడకలో ఉన్న వెతుకులాట అదే.

కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట గ్రామాల వారు 2024లో ఊళ్లు ఖాళీ చేసి కడెం మండలంలోని కొత్త కాలనీకి వచ్చారు. 142 కుటుంబాలు. కొందరు భూమి, ఇల్లు ఎంచుకున్నారు, కొందరు కుటుంబానికి రూ.15 లక్షల చొప్పున నగదు తీసుకున్నారు. తాతల నాటి ఊరును, చింతచెట్టును, దేవుడి గద్దెను వదులుకుని వచ్చిన వాళ్ల త్యాగం చిన్నది కాదు. అయితే పులి ఖాళీ చేసిన ఊళ్ల దగ్గరే ఆగలేదు. కుంటాల చెరువు గట్ల మీద, సారంగాపూర్ గుట్టల్లో, కాగజ్‌నగర్ పత్తి చేల అంచుల్లో నడుస్తోంది. అంటే మనుషులు ఉంటున్న నేలే ఇవాళ పులుల దారి. జాడ తీసే ఏర్పాట్లు రిజర్వు గీత లోపల బలంగా, గీత బయట పలుచగా ఉంటే అది పులి నడకకు విరుద్ధమైన లెక్క.

ఆ లెక్క తప్పితే జరిగే నష్టం ఆసిఫాబాద్ జిల్లా చూసింది. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడ దగ్గర ఒక యువకుడు పులి దాడిలో చనిపోయాడు. అదే నెలాఖరున పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేనులో ఉన్న ఒక అమ్మాయి ప్రాణం పోయింది. 2022 నవంబరులో వాంకిడి మండలంలో ఒక రైతు, 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న ఒక యువతి. ఆ మరునాడే సిర్పూర్ మండలంలో మరో రైతు మీద దాడి, అతను గాయాలతో బయటపడ్డాడు. నాలుగు చావులూ నవంబరులోనే. నలుగురిలో ముగ్గురు పత్తి చేలలోనే పోయారు.

ఇది కాకతాళీయం కాదు. వానాకాలం పోయి చలి మొదలయ్యే రోజుల్లో మగపులుల తిరుగుడు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే పత్తి ఏరడం జోరందుకుంటుంది. పత్తి చేనులో అడవి పందులు దాక్కుంటాయి, వాటి వెంట పులి వస్తుంది. వంగి పని చేస్తున్న మనిషి దూరం నుంచి నాలుగు కాళ్ల జంతువులా కనబడతాడు. పులి వెనక నుంచే దూకుతుంది. అందుకే 2024లో అధికారులు కూలీలకు మనిషి ముఖం బొమ్మలున్న మాస్కులు పంచి తల వెనక్కి కట్టుకోమన్నారు. సుందరవనాల్లో తేనె తీసేవాళ్లు వాడిన ఉపాయం అది. తల వెనక నవ్వుతున్న ప్లాస్టిక్ ముఖం, ముందు భయంతో చేను అంచు వైపు పదేపదే చూసే అసలు ముఖం. ఆ ఫొటోలు చూసిన వారెవరికైనా ఒక్కటే అనిపించి ఉంటుంది. ఈ పొద్దు పులి ఈ పక్క లేదని ఎవరైనా ఖాయంగా చెబితే ఆ తల్లికి మాస్కు అక్కర్లేకపోయేది.

జాడ అందకపోతే పులికీ చావే. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం అడవుల్లో రెండు రోజుల తేడాతో రెండు పులుల కళేబరాలు దొరికాయి. మొదటిది దొరికినప్పుడు పులుల మధ్య ఆధిపత్య పోరు అనుకున్నారు. రెండోది దొరికాక అసలు సంగతి తెలిసింది. పులి చంపిన పశువు కళేబరం మీద విషం చల్లారు. 2025 మే నెలలో పెంచికల్‌పేట రేంజ్‌లో ఒక ఆడపులి కరెంటు తీగకు బలైంది. పిల్లలు పెట్టి కవ్వాల్ దాకా వంశాన్ని విస్తరించగల ఒక్క ఆడపులి పోయిందంటే పదేళ్ల ఆశ పోయినట్టే.

విషం చల్లిన చేతిని చట్టం శిక్షించాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ విషం ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి. పాడి ఆవు పోయిన రైతుకు పరిహారం నెలల తరబడి అందకపోతే, చంపింది పులా చిరుతా అన్న పంచనామా దగ్గరే ఫైలు ఆగిపోతే, కోపం కళేబరం మీద పడుతుంది. మనిషి ప్రాణం పోతే మహారాష్ట్రలో రూ.25 లక్షలు ఇస్తున్నారు, గన్నారం కుటుంబానికి ఇక్కడ ప్రకటించింది రూ.10 లక్షలు. ఒకే పులి ఇటొచ్చి చంపితే ఒక ధర, అటుపోయి చంపితే మరో ధర ఉండటం న్యాయం కాదు. ఇక్కడి మొత్తాన్ని పెంచాలి, పశువు పోయిన వారం తిరగకుండా రైతు ఖాతాలో డబ్బు పడాలి.

జాడను జనానికి అందించిన చోట్ల ఏం జరిగిందో ఆఫ్రికాయే చూపించింది. కెన్యాలోని అంబోసెలిలో మాసాయి యువకులు ఒకప్పుడు సింహాన్ని ఈటెతో చంపి మగతనం నిరూపించుకునేవారు. 2007లో లీలా హజ్జా, స్టెఫనీ డోల్‌రెన్రీ ఆ యువకులనే ‘లయన్ గార్డియన్స్’ పేరుతో జాడగాళ్లుగా నియమించారు. వాళ్లు తెల్లారే అడుగులు చూసి సింహం ఏ వైపు ఉందో పశువుల కాపరులకు చెబుతారు. తప్పిపోయిన ఆవులను రాత్రి పడకముందే వెతికి తెస్తారు. సింహాలకు తమ భాషలోనే పేర్లు పెట్టుకున్నారు. పేరు పెట్టుకున్న జంతువును ఈటెతో పొడవడానికి చేయి రాదు. జింబాబ్వేలోని హ్వాంగేలో 2015లో వేటగాడి చేతిలో చనిపోయిన సెసిల్ సింహం కథ లోకమంతా విన్నది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానికి కట్టిన కాలర్ వల్లే దాని జీవితం అంత వివరంగా తెలిసింది. ఆ అడవి అంచు ఊళ్లలోనే కాలర్ ఉన్న సింహం దగ్గరకొస్తే గ్రామ రక్షకుల ఫోన్లకు వాట్సాప్‌లో కబురు వెళ్తుంది. వాళ్లు బూరలు ఊదుతూ వెళ్లి సింహాన్ని అడవిలోకి తోలుతారు.

అంత దూరం ఎందుకు, తమిళనాడులోని వాల్పారై టీ తోటల్లో ఏనుగుల జాడను ఫోన్ సందేశాలతో, రోడ్ల పక్క వెలిగే ఎర్ర దీపాలతో కూలీలకు ముందే చెబుతున్నారు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌కు చెందిన ఆనంద కుమార్ బృందం అటవీ శాఖతో, ఎస్టేట్లతో కలిసి ఈ ఏర్పాటు చేసింది. ఏనుగు ఎక్కడుందో ముందే తెలిసిన కూలీ ఆ సాయంత్రం ఆ దారిన పోడు. అక్కడ ప్రాణనష్టం తగ్గింది.

భైంసా ప్రాంతానికి కావాల్సింది సరిగ్గా ఇదే. ప్రతి ఏటా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బోథ్, కుంటాల, సారంగాపూర్, కుభీర్, మామడ మండలాల గుట్టల దారుల్లో, వాగుల రేవుల్లో కెమెరాలు ఉండాలి. రిజర్వు కాదన్న మాట ఇక్కడ వినిపించకూడదు. యవత్మాల్, నాందేడ్ అధికారుల దగ్గర ఉన్న పులుల చారల ఫొటోలు నిర్మల్, ఆదిలాబాద్ అధికారుల దగ్గరా ఉండాలి. అప్పుడు కెమెరాలో పడ్డ పులి ఎవరి బిడ్డో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఇంతకుముందు మనుషుల మీదికి వచ్చిందా లేదా అన్నది గంటల్లో తేలుతుంది. కిన్వట్‌లో కదిలిన పులి కబురు అదే రోజు ఇటు చేరాలి. రాష్ట్రాల మధ్య ఉత్తరాలు నడిచే లోపు పులి రెండు మండలాలు నడుస్తుంది.

కబురు కూడా జనం భాషలో ఉండాలి. ఈ ప్రాంతంలో తెలుగు మాట్లాడే ఇంటి పక్కన మరాఠీ ఇల్లు, దాని పక్కన ఉర్దూ ఇల్లు ఉంటాయి. ఉట్నూరు వైపు పోతే గోండి, కొలామి, లంబాడీ. చదువు రాని కాపరికి మెసేజ్ కంటే గొంతు వినిపించే ఫోన్ కాల్ నయం. దండోరా, గుడి మైకు, మసీదు మైకు, పంచాయతీ మైకు అన్నీ ఉన్నాయి. ఈ నాలుగు రోజులు ఫలానా గుట్ట వైపు పశువులు తోలకండి, పొద్దెక్కాకే చేనుకు పోండి, గుంపుగా ఉండండి అని ఊరికి తెలిసిన గొంతుతో చెబితే చాలు.

ఇలా చెబితే జనం బెదిరిపోతారని, వేటగాళ్లకు దారి చూపినట్టవుతుందని కొందరు అధికారులు అంటారు. ఆ ఆందోళన కొట్టిపారేయదగింది కాదు. అందుకే పులి పడుకున్న పొద గుర్తు చెప్పనక్కర్లేదు. ఏ ఊళ్ల శివారులో ఉందో చెబితే చాలు. కాలర్ సంకేతాలు, కెమెరాల చోట్లు ఎవరి చేతిలోనూ పడకూడదు. ఇక బెదురు సంగతి. జనాన్ని ఎక్కువ బెదరగొట్టేది కబురు లేకపోవడమే. నిజం ఆలస్యమైన ఊళ్లో పుకారు ముందు చేరుతుంది. చిరుతను పులి అంటారు, ఒక పులిని మూడు అంటారు, వారం రోజులు చేలలో పత్తి రాలిపోతుంది.

ఇంకో అభ్యంతరం రైతుల నుంచి వస్తుంది. పులులు లేకుండానే ఇన్నేళ్లు బతికాం, ఇప్పుడు ఈ బాధ మాకెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. పులిని పిలిచింది రైతు కాదు. కానీ పులి అడగకుండానే వస్తుంది. తాడోబాలో, టిపేశ్వర్‌లో మగపులుల మధ్య పోరు ఉన్నంతకాలం ఓడినవి, ఈడొచ్చినవి నడుస్తూనే ఉంటాయి. వాటిని ఆపే కంచె ఎవరూ కట్టలేరు. చేయగలిగింది రైతును ముందుగా హెచ్చరించడం, నష్టపోతే వెంటనే ఆదుకోవడం.

ఆదివాసీల మాట కూడా ఇక్కడే వినాలి. 2025 మే 30న ప్రభుత్వం కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చింది. అడవి తమ చేతుల్లోంచి పోతుందని ఆదివాసీలు ఉద్యమించారు. జులైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. పులుల దారి కాపాడాలన్న లక్ష్యం మంచిదే అయినా, ఆ దారిలో ఉన్న మనుషులతో ముందు మాట్లాడకపోతే ఏమవుతుందో ఈ రెండు నెలల్లోనే తేలింది. చెట్టుకు కట్టిన కెమెరా తన మీద నిఘా అని అనుకునే ఊళ్లో జాడ దొరకదు. అదే కెమెరా తన ఆవును కాపాడుతుందని తెలిసిన ఊళ్లో కాపరే వచ్చి అడుగు చూపిస్తాడు. ఊరికి ఇద్దరు ముగ్గురు యువకులకు ఏడాది పొడవునా జాడగాళ్లుగా ఉద్యోగం, నెల నెలా జీతం, ప్రాణానికి బీమా ఇవ్వాలి. సీజన్‌లో పిలిచి సీజన్ అయ్యాక మానిపించే కూలి పనిగా దీన్ని చూడకూడదు.

రోడ్ల సంగతి కూడా ఉంది. జానీ దాటిన హైదరాబాద్-నాగ్‌పూర్ రోడ్డు, అంటే 44వ జాతీయ రహదారి, ఉత్తరాన మహారాష్ట్రలోని పెంచ్ అడవుల మీదుగా పోయే చోట కింద నుంచి జంతువులు దాటడానికి తొమ్మిది దారులు కట్టారు. పులులు వాటిని వాడుకుంటున్నట్టు కెమెరాల్లో పదేపదే పడింది. నిర్మల్, ఆదిలాబాద్ మధ్య గుట్టలను కోసుకుంటూ పోయే ఆ రోడ్డు మీద జానీ చక్రాల కింద పడకుండా దాటిందంటే అదృష్టం. నాందేడ్ నుంచి భైంసా మీదుగా నిర్మల్ పోయే 61వ రహదారి మీదా రాత్రి లారీల రద్దీ పెరుగుతోంది. ఈ రోడ్లను విస్తరించే ప్రతి పనిలోనూ పులి దాటే చోట్లు ముందే గుర్తించి కింద దారి వదలాలి. అది చెప్పడానికీ జాడల లెక్కే ఆధారం.

ఇవేవీ కోట్లు కుమ్మరించాల్సిన పనులు కావు. సెప్టెంబరు చివరి వారంలో, పత్తి పగలకముందే, నాలుగు జిల్లాల అటవీ అధికారులు ఒకచోట కూర్చుంటే సగం పని తీరుతుంది. నిర్మల్, ఆదిలాబాద్, నాందేడ్, యవత్మాల్. నిరుడు పులి నడిచిన దారి పటం ముందు పెట్టుకుని, ఆ దారిలో ఉన్న ప్రతి ఊరి నుంచి నాలుగు ఫోన్ నంబర్లు రాసుకోవాలి. సర్పంచిది, ఆశా కార్యకర్తది, పత్తి కూలీలను ఆటోలో తీసుకెళ్లే మేస్త్రీది. నాలుగోది ఊరి పశువుల కాపరిది. అడుగు ముందు చూసేది అతనే కాబట్టి అతని నంబరు పైన ఉండాలి.